గుడ్డి గుర్రానికి పళ్లు తోమేవాళ్లు

మన ఇళ్లలో ఖాళీగా కూర్చున్నవాణ్ని తిట్టడానికి ఒక రెడీమేడ్ డైలాగ్ ఉంటుంది. "ఏం చేస్తున్నావురా ఇంతసేపూ, గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా?" బీటెక్ అయ్యాక ఆఫర్ లెటర్ కోసం ఇంట్లో కూర్చున్న ఏ బ్యాచ్‌ని అడిగినా ఈ మాట పడనివాళ్లు దొరకడం కష్టం. పనికిమాలిన పనికి ఇంతకంటే మంచి పోలిక మన పెద్దలకు తట్టలేదు మరి.

ఈ వారం కథ సరిగ్గా ఆ పని చేసేవాళ్లది. ముసలిదైపోయిందనో, కాలు పోయిందనో, చూపు తగ్గిందనో యజమాని వదిలేసిన గుర్రాన్ని తెచ్చుకుంటారు. మేపుతారు. దాని పళ్లు బాగుచేయిస్తారు. కొన్ని నెలలకు దాని పగ్గం ఒక పిల్లాడి చేతికిస్తారు.

పళ్ల సంగతి నవ్వులాటకు చెప్పలేదండీ. గుర్రం పళ్లు అరిగేకొద్దీ చిగుళ్లలోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటాయి. నమిలేటప్పుడు సమానంగా అరగకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గల్ని, నాలుకని కోస్తాయి. ఎదురుగా గడ్డి కుప్ప ఉన్నా గుర్రం నమల్లేదు. చిక్కి శల్యమైపోతుంది. అందుకే ఏడాదికి ఒకసారైనా పశువైద్యుడు నోరు తెరిపించి ఆకురాయితో ఆ అంచుల్ని అరగదీయాలి. వదిలేసిన గుర్రం రెస్క్యూ షెడ్డుకు రాగానే మొదట చూసేవాటిలో నోరు ఒకటి, గిట్టలు ఒకటి.

అన్న చూపించిన రీల్

నేను ఇంజినీరింగ్ చదివింది ఇబ్రహీంపట్నం దగ్గర. నాలుగేళ్లు కాలేజీ బస్సులో సాగర్ రోడ్డు మీద ఊగుతూ తిరిగాను. ఇప్పుడు ఆఫీసు ఆదిభట్లలో. మా టీమ్‌లో ఒక అన్న ఉన్నాడు. వాళ్ల బాబుకి ఆరేళ్లు, ఆటిజం. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ అంటూ వారానికి నాలుగు రోజులు వదినా, ఆయనా వంతులేసుకుని బాబుని సిటీలోకి తీసుకెళ్లొస్తారు.

మొన్న లంచ్ టైములో అన్న ఫోన్ నా ముందు పెట్టాడు. తెల్ల గుర్రం మీద ఒక పిల్లాడు. వెనక వయొలిన్ మ్యూజిక్. కింద పెద్ద అక్షరాలతో "పది సెషన్లలో మాటలు గ్యారంటీ" అని ఉంది.

"తమ్మీ, నువ్వు ఏదైనా తవ్వి తీస్తవ్ గదా. ఇది నిజమేనా? జర చూసి చెప్పు" అన్నాడు.

అడిగేటప్పుడు ఆయన గొంతులో ఉన్న ఆశ చూస్తే "ఇదంతా ఫేక్ అన్నా" అని రెండు ముక్కల్లో తేల్చేయబుద్ధి కాలేదు. అలాగని తెలియకుండా తలూపబుద్ధీ కాలేదు. రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని దొరికింది దొరికినట్టు చదివాను. ఆయనకు నేను ఇచ్చిన జవాబే ఇది, కొంచెం పొడవుగా.

క్వారీ నేలలో ఒక రాంచ్

వదిలేసిన గుర్రాల్నీ, దెబ్బతిన్న పిల్లల్నీ ఒకచోట కలపాలన్న ఆలోచనకు బాగా పేరు తెచ్చిన చోటు అమెరికాలో ఉంది. ఆరెగాన్ రాష్ట్రం. ఇంటెల్ ఉద్యోగాల పుణ్యమా అని అక్కడి హిల్స్‌బరోలో మనవాళ్లు బాగానే ఉంటారు. అక్కణ్నుంచి కారులో నాలుగు గంటల దాకా ప్రయాణిస్తే బెండ్ అనే ఊరు. ఆ ఊరి దగ్గర 1995లో కిమ్ మీడర్, ట్రాయ్ మీడర్ అనే దంపతులు క్రిస్టల్ పీక్స్ యూత్ రాంచ్ మొదలుపెట్టారు. తొమ్మిది ఎకరాలు. అదీ ఎప్పుడో తవ్వేసి వదిలేసిన క్వారీ నేల. మన దగ్గర క్రషర్లు సగం తినేసిన గుట్టల్ని చూసినవాళ్లకి ఆ నేల ఎలా ఉండేదో నేను వేరే వర్ణించక్కర్లేదు.

కిమ్‌కి తొమ్మిదేళ్ల వయసులో తండ్రి తల్లిని చంపి, తనూ ప్రాణం తీసుకున్నాడు. తాతగారింట్లో పెరిగింది. ఆ రోజుల్లో తనని నిలబెట్టింది ఒక గుర్రమేనని ఆమె చెబుతుంది. పెద్దయ్యాక, తిండి లేక ఎముకలు తేలిన గుర్రాల్ని తెచ్చి బాగుచేయడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల పిల్లలు చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్లు చేతులు కట్టుకుని నిలబడలేదు. దువ్వెన తీసుకున్నారు, పేడ ఎత్తారు, నీళ్లు మోశారు. అలా ఆ రాంచ్‌కి ఒక పద్ధతి ఏర్పడింది. ఒక పిల్లకు ఒక గుర్రం, తోడుగా ఒక పెద్ద మనిషి. ఫీజు లేదు, విరాళాలతో నడుస్తుంది. ఇది క్రైస్తవ సేవాసంస్థ. ఆ సంగతి వాళ్లు దాచరు, బోర్డు మీదే చెబుతారు. అక్కడి అనుభవాలతో కిమ్ 2003లో 'హోప్ రైజింగ్' అనే పుస్తకం తెచ్చింది. దాన్ని చూసి అమెరికాలో ఇలాంటి రాంచ్‌లు ఇంకెన్నో మొదలయ్యాయి.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించింది వేరే. ఆ రాంచ్‌కి వచ్చిన గుర్రాన్ని అంతకుముందు ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి అడిగారు. పరిగెత్తమన్నారు, బరువు మొయ్యమన్నారు, గెలవమన్నారు. చెయ్యలేకపోయేసరికి వదిలేశారు. అక్కడికి వచ్చే పిల్లనీ అంతే. చదవమన్నారు, ఏడుపు ఆపమన్నారు, జరిగింది మర్చిపొమ్మన్నారు. ఇద్దరికీ అక్కడ దొరికేది, ఎవరూ ఏమీ అడగని ఒక గంట. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన మనకు ఆ గంట విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

కౌన్సెలర్ ఎదురుగా కూర్చుని "ఏం జరిగిందో చెప్పమ్మా" అంటే చాలామంది పిల్లలకు నోరు పెగలదు. పక్కపక్కన నిలబడి గుర్రం మెడ దువ్వుతున్నప్పుడు, కళ్లు దువ్వెన మీద ఉన్నప్పుడు, మాట దానంతటదే జారుతుంది. మనం కూడా ఇంట్లో చెప్పలేని మాటలు బైక్ వెనక కూర్చుని ఫ్రెండ్‌కి చెప్పేస్తాం కదా, అలాగన్నమాట.

గుర్రం ఏం చూస్తుంది?

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. ప్రాణం దక్కించుకోవాలంటే చుట్టూ ఉన్నవాళ్ల మూడ్ క్షణంలో పసిగట్టాలి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ముక్కు ముందు కొంచెం, తోక వెనక కొంచెం తప్ప దాదాపు చుట్టూతా కనిపిస్తుంది. 2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీవాళ్లు 28 గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె తొందరగా కొట్టుకుంది. ఆ ఫొటోని ఎడమ కంటితో చూడ్డానికి తల తిప్పాయి. ముప్పును చూసేటప్పుడు చాలా జంతువులు చేసే పనే అది.

కాబట్టి పిల్లాడు గట్టిగా అరిస్తే గుర్రం వెనక్కి జరుగుతుంది. ఊపిరి నెమ్మదిస్తే దగ్గరికి వస్తుంది. ఇక్కడ తిట్లు లేవు, మార్కులు లేవు. జవాబు మాత్రం వెంటనే వస్తుంది. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అని మన సామెత. మెత్తగా ఉంటే గుర్రం లెక్కచెయ్యదని పాత రౌతుల అనుభవం. దెబ్బలు తిన్న గుర్రం దగ్గర మాత్రం మెత్తదనం తప్ప ఇంకేదీ పనిచెయ్యదు. మూడు కాళ్ల మీద నడిచినా సరే, నడిచింది కదా అని సంతోషపడాలి.

మోకాళ్ల కింద చచ్చుబడినా ఒలింపిక్ మెడల్

ఇక రెండో సంగతి, గుర్రపు స్వారీ వైద్యంగా ఎలా మారిందన్నది. డెన్మార్క్‌కి చెందిన లిజ్ హార్టెల్‌కి 1944లో పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు చచ్చుబడ్డాయి. డాక్టర్లు వద్దన్నా గుర్రం ఎక్కింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ పోటీకి, అంటే గుర్రాన్ని లయబద్ధంగా నడిపించే పోటీకి, ఆడవాళ్లని మొదటిసారి అనుమతించారు. ఆమెను ఇద్దరు మనుషులు పట్టుకుని ఎక్కించాలి, దించాలి. అయినా వెండి పతకం గెలిచింది. పోడియం ఎక్కడానికి ఆమెకు చెయ్యి అందించింది బంగారు పతకం గెలిచిన స్వీడన్ రౌతే. 1956లో మళ్లీ వెండి గెలిచింది. ఆమెను చూసి యూరప్‌లో, తర్వాత అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లలకు స్వారీ కేంద్రాలు మొదలయ్యాయి. 1969 నాటికి బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ వాటికి జాతీయ సంఘాలే వచ్చేశాయి.

ఇందులో లెక్క ఇది. గుర్రం మామూలుగా నడుస్తున్నప్పుడు దాని వీపు పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కలకీ కదులుతుంది. మీద కూర్చున్నవాళ్ల నడుము కూడా అలాగే కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుము కదిలే తీరు దాదాపు ఇదే. నిమిషానికి సుమారు 100 అడుగులు అనుకుంటే అరగంటలో 3,000. సెరిబ్రల్ పాల్సీ ఉండి ఒక్క అడుగు కూడా సొంతంగా వెయ్యలేని పిల్లాడి నడుముకు, వెన్నుకు, మెడకు అన్నిసార్లు నడక రుచి తగులుతుంది. పడిపోకుండా ఉండాలని ఒళ్లు తనకు తానే సర్దుకుంటుంది. ఏ మెషీనూ ఇంత సహజంగా ఇది చెయ్యలేదని ఫిజియోథెరపిస్టులు అంటారు.

రీల్స్‌లో అన్నిటినీ కలిపి "హార్స్ థెరపీ" అనేస్తారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు పనులు. అర్హత ఉన్న థెరపిస్టు గుర్రం నడకను వైద్యంలో సాధనంగా వాడితే హిప్పోథెరపీ. శిక్షకుడు పిల్లలకు వీలైన పద్ధతిలో స్వారీ నేర్పిస్తే థెరప్యూటిక్ రైడింగ్. అసలు ఎక్కకుండా మేపడం, దువ్వడం, నడిపించడంతో సరిపెడితే అది మనసుకు సంబంధించిన పని. పైన చెప్పిన రాంచ్‌లో జరిగేది చాలావరకు ఈ చివరిదీ, స్వారీ కలిసినది. అన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వాలంటే, ముందు "ఈ మూడింటిలో ఏది?" అని అడగాలి.

మరి పనిచేస్తదా?

2015లో అమెరికాలోని కొలరాడోలో ఆటిజం ఉన్న 127 మంది పిల్లల మీద, 6 నుంచి 16 ఏళ్లవాళ్ల మీద, ఒక అధ్యయనం వచ్చింది. సగం మందికి 10 వారాలు స్వారీ నేర్పారు. మిగతా సగాన్ని అదే గుర్రపుశాలకు తీసుకెళ్లి గుర్రాల గురించి పాఠాలు చెప్పారు, నిజం గుర్రాన్ని మాత్రం ముట్టనివ్వలేదు. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి. పక్కవాళ్లతో కలవడం, వాడే మాటల సంఖ్య కొంత పెరిగాయి. పోలికకు రెండో గుంపు కూడా ఉన్న పరీక్ష కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం.

ఇప్పుడు రెండో వైపు. 2009లో ఆస్ట్రేలియాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న 99 మంది పిల్లలతో ఇలాంటి పరీక్షే చేశారు. 10 వారాల స్వారీ తర్వాత కదలికల్లో గానీ, జీవన నాణ్యతలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తేలేది ఇంతే. కొందరు పిల్లలకు, కొన్ని విషయాల్లో, కొంత మేలు. స్పీచ్ థెరపీకీ, ఫిజియోకీ తోడుగా పనికొస్తుంది, వాటి బదులుగా కాదు. "గ్యారంటీ" అన్న మాట ఏ అధ్యయనంలోనూ లేదు. పది సెషన్లలో మాటలు వచ్చేస్తాయని రాసినవాళ్లు సైన్స్ అమ్మట్లేదు, మా అన్న లాంటి తండ్రుల ఆశను కొంటున్నారు.

మన గుర్రాలు ఎక్కడున్నాయి?

పిల్లల సంగతి సరే, గుర్రాల మాటేంటి? మన దగ్గర గుర్రం అనగానే గుర్తొచ్చేవి మూడు. పెళ్లి బారాత్, రేసు, సినిమా. మూడూ ఇబ్రహీంపట్నానికి దగ్గరే. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే చాలు, సాగర్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్ల ముందు డీజే బాక్సుల పక్కన పూసల గుడ్డ కప్పుకుని గుర్రం నిలబడి ఉంటుంది. ఆరో నిజాం కాలంలో, 1886లో మౌలాలి నుంచి మలక్‌పేటకు మారిన రేస్ కోర్సు సిటీ వైపు ఉంది. ఇటు పక్కన అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ఫిల్మ్ సిటీ.

2021లో ఒక పెద్ద తమిళ సినిమా షూటింగులో గుర్రం చనిపోయిందన్న ఫిర్యాదుపై అబ్దుల్లాపూర్‌మెట్ పోలీసులు కేసు పెట్టారు. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు 57 గుర్రాల్ని తరలించారు. కొన్ని నెలల్లోనే వాటిలో పదికి పైగా చచ్చిపోయాయి. సంగతి అక్కడి హైకోర్టు దాకా వెళ్లింది. పని ఉన్నంతకాలం గుర్రానికి రేటుంటుంది. పని అయిపోయాక దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలే. అంతకుముందు 2012లో 6 లక్షలు దాటి ఉండేవి. ఏడేళ్లలో దాదాపు సగం తగ్గిపోయాయి.

ఇక్కడ ఒక తొందరపాటు ఆలోచన వస్తుంది. "ఇన్ని గుర్రాలు ఉన్నాయి, ఇంతమంది పిల్లలున్నారు, కలిపేస్తే పోలా?" యాప్‌లో రెండు లిస్టులు మ్యాచ్ చేసినంత సులువు అనిపిస్తుంది. కాదు. ఏళ్ల తరబడి బారాత్ టపాసుల మధ్య నిలబడ్డ గుర్రం, ఆకాశంలో తారాజువ్వ చప్పుడు వింటే పిల్లాడితో సహా పరిగెడుతుంది. ముళ్ల కళ్లెం వేసిన గుర్రం నోరంతా గాయాలే. ఆ ముళ్ల కళ్లేన్ని 1965 నాటి నిబంధనలే నిషేధించాయి, అయినా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇలాంటి గుర్రానికి మొదట కావలసింది నెలల తరబడి విశ్రాంతి. కొన్నిటి వీపు ఇక ఎప్పటికీ బరువు మొయ్యలేదు. పిల్లలు వాటిని దువ్వొచ్చు, నడిపించొచ్చు, ఎక్కడానికి వీల్లేదు. వదిలేసిన ప్రతి గుర్రమూ థెరపీ గుర్రం అయిపోదు.

ఫస్ట్ లాన్సర్ నుంచి కైరో దాకా

మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ పేరు మీరు వినే ఉంటారు. నిజాం గుర్రపు దళం, హైదరాబాద్ లాన్సర్స్, ఉన్న చోటు అది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దళం ఈజిప్టు, పాలస్తీనా వైపు వెళ్లింది. యుద్ధం అయిపోయాక బ్రిటిష్ సైన్యం వేల గుర్రాల్ని వెనక్కి తీసుకెళ్లకుండా ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో డొరొతీ బ్రూక్ అనే ఆవిడ భర్త ఉద్యోగరీత్యా కైరో వెళ్లి, వీధుల్లో బండ్లు లాగుతున్న ముసలి గుర్రాల్ని చూసింది. వాటి ఒంటి మీద సైన్యం ముద్రలు ఇంకా ఉన్నాయి. 1931లో లండన్ పేపర్‌కి ఉత్తరం రాసింది. జనం డబ్బు పంపారు. మూడేళ్లలో 5,000 గుర్రాల్ని కొంది.

కొని ఏం చేసింది? చాలావాటికి బతికే ఓపిక లేదు. కడుపునిండా మేత, మెత్తని గడ్డి పరుపు, కొన్ని రోజుల విశ్రాంతి ఇచ్చి, తర్వాత నొప్పి లేకుండా సాగనంపింది. అవి ఏ పిల్లాడికీ థెరపీ చెయ్యలేదు. ఎవరికీ తిరిగి ఏమీ ఇవ్వలేదు. 1934లో కైరోలో ఆమె పెట్టిన ఆస్పత్రి పెరిగి బ్రూక్ అనే సంస్థ అయింది, మన దేశంలో ఇటుక బట్టీల గుర్రాల దాకా దాని పని వచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, "పిల్లలకు ఉపయోగపడుతుంది కాబట్టి గుర్రాన్ని కాపాడదాం" అనడంలో ఒక చిక్కు ఉంది. ఉపయోగపడని రోజున మళ్లీ రోడ్డు మీద వదిలేస్తామనేగా అర్థం? ఆ లెక్క గుర్రానికి వర్తిస్తే రేపు పిల్లాడికీ వర్తిస్తుంది. పది సెషన్లలో మాట రాకపోతే ఆ పిల్లాడు ఫెయిలైనట్టా?

ప్రార్థన సంగతి

"మినిస్ట్రీ అంటున్నావు, మతం మారుస్తారా?" అని మా ఆఫీసులోనే ఇంకొకరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మన తెలంగాణలో మిషనరీల వైద్యం కొత్త కాదు. కుష్ఠు రోగుల్ని ఊళ్ల నుంచి తరిమేసే రోజుల్లో, 1915 ప్రాంతంలో, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ వాళ్ల కోసం ఆస్పత్రి మొదలుపెట్టింది. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఎవరి నమ్మకం వాళ్లది, పుండు కడగడం దగ్గర మాత్రం ఇద్దరూ కలిశారు.

నా లెక్కలో కొలమానం సులువు. నడిపేవాళ్లు ఏ నమ్మకంతో నడిపినా సరే, అది బోర్డు మీద కనపడాలి. అమ్మానాన్నలకు ముందే తెలియాలి. ప్రార్థనకు కూర్చోని పిల్లకి కూడా గుర్రం దగ్గర అంతే సమయం దొరకాలి. చర్చి నడిపినా, గుడి ట్రస్టు నడిపినా, కార్పొరేట్ ఫండ్ నడిపినా రూలు ఒకటే.

డబ్బు కట్టేముందు

అన్నకు చివరికి ఒక లిస్టు రాసిచ్చాను. అవసరం ఉన్న మీ అక్కకో, బావకో ఫార్వర్డ్ చెయ్యండి.

1. మొదటి గుమ్మం గుర్రపుశాల కాదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి వైపు మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టింది. ముందు అలాంటి చోట సరైన అసెస్‌మెంట్ చేయించండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది, థెరపీలకూ వర్తిస్తుంది.

2. డాక్టర్ ఒప్పుకోవాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లలకు మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది, వాళ్లకి స్వారీ ప్రమాదం. అదుపులో లేని ఫిట్స్ ఉన్నా వద్దు. టెటనస్ టీకా తప్పనిసరి.

3. సెషన్ ఎవరు నడుపుతున్నారు? థెరపీ అని చెబితే ఆ థెరపిస్టుకి రిజిస్ట్రేషన్ ఉందా? పిల్లాడి తలకు హెల్మెట్, గుర్రం ముందు ఒకరు, అవసరమైతే రెండు పక్కలా ఇద్దరు ఉంటున్నారా?

4. గుర్రాన్ని చూడండి. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా? నోటి మూలల్లో పుండ్లున్నాయా? గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది, దాని పరీక్ష రిపోర్టు అడగండి. రోజుకు ఎన్ని సెషన్లు చేయిస్తున్నారో అడగండి. గుర్రాన్ని చూసుకోలేనివాళ్లు మీ బాబుని చూసుకుంటారని నమ్మొద్దు.

5. "గ్యారంటీ" అన్న మాట వినపడితే చెప్పులేసుకుని బయటికి వచ్చేయండి.

మరి సొంతంగా మొదలుపెడదామనుకునే ఉత్సాహవంతులకు ఒక చిన్న లెక్క. 400 కిలోల గుర్రం రోజుకు 6 నుంచి 8 కిలోల ఎండు మేత తింటుంది. పది గుర్రాలంటే నెలకు సుమారు రెండు టన్నులు. దానికి తోడు దాణా, ఉలవలు. మనం చారు కాచుకునే ఉలవలకి ఇంగ్లిషులో 'హార్స్ గ్రామ్' అని పేరు ఊరికే రాలేదు. ఒక్కోదానికి రోజూ 25 నుంచి 40 లీటర్ల నీళ్లు, మే నెలలో ఇంకా ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు సరిచెయ్యాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపునొప్పి వస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే పశువైద్యుడు కావాలి. గుర్రం 25, 30 ఏళ్లు బతుకుతుంది. స్టార్టప్‌లా మూడేళ్లలో మూసేసే పని కాదిది.

ఇంత లెక్క చెప్పాక కూడా, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట ఇలాంటిది ఒకటి ఉండాలనే నా కోరిక. సాగర్ రోడ్డు మీద రోజూ కనిపించే ఆ తల్లులు, పిల్లాణ్ని చంకనేసుకుని సిటీ బస్సు కోసం నిలబడేవాళ్లు, వారానికి ఒక గంటైనా "ఇంకా మాట రాలేదా?" అని ఎవరూ అడగని చోట కూర్చోవాలి.

అది వచ్చేలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఈ సీజన్‌లో మీ ఫ్రెండ్ పెళ్లికి గుర్రం మాట్లాడే బాధ్యత మీ మీద పడితే, గుర్రపాయన్ని రేటుతో పాటు కళ్లెం కూడా చూపించమనండి. లోపల ముళ్లుంటే ఆ గుర్రం వద్దని చెప్పండి. డీజే బాక్సులకు దూరంగా, నీళ్ల తొట్టి పక్కన నిలబెట్టమనండి. పెళ్లికొడుకు కాసేపు నడిచొచ్చినా ఫొటోలు బాగానే వస్తాయి.

మా అన్న బాబుని ఇంకా ఏ గుర్రమూ ఎక్కించలేదు. అసెస్‌మెంట్‌కి డేట్ తీసుకున్నాడు. ఆ రీల్ మాత్రం ఫోన్‌లో అలాగే ఉంచుకున్నాడు. "గుర్రాన్ని చూస్తే మావోడు నవ్వుతుండు తమ్మీ" అన్నాడు. దానికి నేను ఏ అధ్యయనమూ చూపించలేదు.